డబ్బా మీద పేరు కాదు, లోపలి పేరు చూడండి
పట్టుపురుగుల షెడ్డుకు జిగ్‌బీ సెన్సర్లు కొనే రైతులకు సూచనలు

షెడ్డులో వేడి, తేమ ఎంతుందో ఇంటి దగ్గర్నుంచే ఫోనులో చూసుకోవచ్చని కొందరు పట్టు రైతులు జిగ్‌బీ సెన్సర్లు కొంటున్నారు. ఒక పేరుతో కొన్నది వెంటనే హబ్‌లో కలుస్తుంది. అచ్చం అలాగే ఉన్న ఇంకో పేరుది కలిసినట్టే కలిసి అంకె మాత్రం చూపదు. పాడైన సరుకు అంటగట్టారని రైతు దాన్ని మూలన పడేస్తాడు. చాలాసార్లు సెన్సరు బాగానే ఉంటుంది. అది ఏ రకం వస్తువో హబ్‌కు తెలియకపోవడమే అసలు చిక్కు.

మందు డబ్బా లాంటిదే

పురుగుమందు కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ఎస్.ఎల్. మందు ఎన్నో వ్యాపార నామాలతో దొరుకుతుంది. తెలిసిన రైతు డబ్బా మీది పెద్దక్షరాలు వదిలేసి కింద ఉన్న సాంకేతిక నామం చదువుతాడు. జిగ్‌బీ వస్తువులకూ ఇదే సూత్రం. ఒకచోట తయారైన సెన్సరును పలు కంపెనీలు కొని, తమ పేరు ముద్రించి అమ్ముతుంటాయి.

జిగ్‌బీ అనేది వైర్లు లేకుండా, తక్కువ కరెంటుతో కబురు పంపే పద్ధతి. ఈ ప్రమాణాన్ని చూసే సంస్థ 2002లో జిగ్‌బీ అలయన్స్‌గా మొదలై, 2021లో కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా పేరు మార్చుకుంది. సెన్సర్ల కబుర్లు అందుకుని ఫోనుకు చేర్చే పెట్టెను హబ్ అంటారు. చిన్న కంప్యూటరుకు జిగ్‌బీ డాంగిల్ తగిలించి, హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకున్నా హబ్ తయారవుతుంది.

హబ్ ఎలా గుర్తుపడుతుంది?

సెన్సరు హబ్‌లో చేరేటప్పుడు రెండు పేర్లు చెబుతుంది. ఒకటి తయారీదారు పేరు, రెండోది మోడల్ పేరు. ఈ రెండూ వస్తువు లోపలే రాసి ఉంటాయి. డబ్బా మీది పేరుతో వీటికి పొత్తు ఉండాలనేం లేదు. హబ్ తన పట్టీలో ఈ జంట పేర్లు వెతుకుతుంది. దొరికితే వేడి, తేమ చూపిస్తుంది. దొరక్కపోతే స్మార్ట్‌థింగ్స్ హబ్‌లో 'థింగ్' అని మాత్రమే కనిపిస్తుంది. జిగ్‌బీ టు ఎంక్యూటీటీ ప్రోగ్రాంలో 'అన్‌సపోర్టెడ్' అని వస్తుంది.

తుయా రకం వస్తువులతో ఇంకో తిరకాసు ఉంది. టీఎస్0601 అనే ఒకే మోడల్ పేరుతో నేల తేమ సెన్సరూ ఉంటుంది, కర్టెన్ మోటారూ ఉంటుంది. తేడా తెలిసేది తయారీదారు పేరులోనే. అది టీజెడ్‌ఈ200 వంటి అక్షరాలతో మొదలై, చివర ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఈ చివరి భాగమే అసలు గుర్తు. ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసుకోవాలి.

వరుసగా ఇలా చేయండి

1. డబ్బా మీద జిగ్‌బీ గుర్తు ఉందో లేదో చూడండి. అదే రూపంలో వైఫై సెన్సర్లూ ఉంటాయి. అవి జిగ్‌బీ హబ్‌లో కలవవు.

2. హబ్ ప్రోగ్రాంకు ముందుగా కొత్త కూర్పు వేయండి. జిగ్‌బీ టు ఎంక్యూటీటీకి దాదాపు నెలకోసారి కొత్త కూర్పు వస్తుంది. దాని పట్టీలో కొత్త పేర్లు చేరుతుంటాయి. ఒక్కోసారి దీంతోనే పని అయిపోతుంది.

3. సెన్సరును హబ్ పక్కనే పెట్టి, బటన్‌ను దీపం మిణికేదాకా నొక్కి పట్టండి. బ్యాటరీ సెన్సర్లు త్వరగా నిద్రలోకి పోతాయి. చేర్చడం పూర్తయ్యేదాకా మధ్యమధ్య బటన్ నొక్కుతూ ఉండాలి. సగంలో ఆగిపోయినా పేర్లు సరిగా రావు.

4. అప్పటికీ గుర్తించకపోతే, ప్రోగ్రాంలో కనిపించే రెండు పేర్లూ రాసుకుని, పట్టీలో వాటిని పోలిన వస్తువు ఉందేమో వెతకండి. ఉంటే దాని వివరాలకు మీ సెన్సరు పేరు జోడించి చిన్న ఫైలు పెట్టాలి. దీన్ని ఎక్స్‌టర్నల్ కన్వర్టర్ అంటారు. జెడ్‌హెచ్‌ఏ వాడేవారికి ఇదే పనిని 'క్వర్క్' చేస్తుంది. ఊళ్లో కంప్యూటరు చదివిన పిల్లలుంటే కూర్చోబెట్టి చేయించుకోండి.

అంకె వచ్చిందని మురిసిపోవద్దు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తుయా సెన్సర్లు చాలావరకు వేడిని పది రెట్లు చేసి పంపుతాయి. 24.5 డిగ్రీలుంటే 245 అని వస్తుంది. హబ్ దాన్ని పదితో భాగించాలి. అరువు తెచ్చుకున్న వివరాల్లో ఈ లెక్క తప్పితే 245 అనో, 2.45 అనో చూపిస్తుంది. అది కంటికి తెలిసిపోతుంది, నయమే. వేడి అంకె సరిగా ఉండి తేమ అంకె తప్పితేనే మోసపోతాం.

నాలుగో జ్వరం దాటి అయిదో దశకు వచ్చిన పురుగులకు 24 డిగ్రీల వేడి, 70 శాతం తేమ అనుకూలం. చాకీ పురుగులకు 27, 28 డిగ్రీలు, 85 శాతం పైన తేమ కావాలి. పెద్ద పురుగులకు తేమ ఎక్కువైతే రోగాలు ముసురుకుంటాయి. ఫోనులో 70 అని చూసి నిశ్చింతగా ఉంటే, షెడ్డులో నిజంగా 90 ఉంటే పంట గతేమిటి? అందుకే కొత్త సెన్సరును తడి, పొడి బల్బు ధర్మామీటరు పక్కన రెండు రోజులు వేలాడదీయండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రెండు అంకెలూ రాసి పోల్చండి. అవి దగ్గరగా ఉంటేనే సెన్సరును నమ్మండి. కుదిరాక కూడా దాన్ని కబురు చెప్పేందుకే వాడండి. హీటరు, ఫ్యాన్ల పెత్తనం పూర్తిగా దానికి అప్పగించొద్దు.

షెడ్డుకు సిగ్నలు అందకపోతే

రేకుల కప్పు సిగ్నలును అడ్డుకుంటుంది. ఇంటికీ షెడ్డుకూ మధ్య కరెంటుతో నడిచే జిగ్‌బీ ప్లగ్గు ఒకటి పెడితే అది కబురును అందుకుని ముందుకు పంపుతుంది. బ్యాటరీ సెన్సర్లు ఈ పని చేయవు. డాంగిల్‌ను కంప్యూటరుకు నేరుగా గుచ్చకుండా మీటరు పొడవు యూఎస్‌బీ తీగతో దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టుల రొద జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ సిగ్నలును చెరుపుతుంది.

కొనేముందు

ఒకేసారి అరడజను కొనొద్దు. ఒకటి తెచ్చి, కలిపి, ధర్మామీటరుతో పోల్చి చూశాక మిగతావి కొనండి. అదే డబ్బాలో తర్వాత వచ్చే సరుకులో లోపలి పేరు మారవచ్చు కాబట్టి ప్రతి సెన్సరుకూ ఈ పరీక్ష తప్పదు. పనిచేసిన సెన్సరు లోపలి పేర్లను బిల్లు వెనకాల రాసి దాచుకోండి. పక్క రైతు అడిగితే బ్రాండు పేరుతో పాటు ఆ పేర్లూ చెప్పండి. అతనికి అసలు పనికొచ్చేవి అవే.