దిగి నడవవలసిన చోట

తార్నాక,
ఆషాఢ పౌర్ణమి.

చిరంజీవి మనుమరాలికి,

అమ్మా,

నీ హాస్టలుకును మా ఇంటికిని నడుమ మైలు దూరమైనను లేకపోయినను ఉత్తరమే వ్రాయుచున్నాను. నోట చెప్పిన మాట ఆదివారపు భోజనముతో ముగిసిపోవును. కాగితముపై వ్రాసినది నీ సంచిలో వెంటవచ్చును. సెప్టెంబరు చివర ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున సదస్సు ముగిసిన పిమ్మట, ముగ్గురు స్నేహితురాండ్రతో కూడి, కియాంటి ద్రాక్షకొండల మీదుగా సియేనా వరకు సైకిలుపై పోవలెనని సంకల్పించితివి. మీ అమ్మ దిగులుపడుచున్నది. నా మాట ముందే చెప్పుచున్నాను: తప్పక వెళ్ళుము. మీ అమ్మకు నేను నచ్చజెప్పెదను.

కియాంటిజానా అను ఆ పాత కొండదారి సుమారు 70 కిలోమీటర్లు. బలము గలవారు ఒక్క పగటిలో దాటగలరు. నీవు నాలుగు దినములు కేటాయింపుము. ఎందుకనగా ఆ దారి దాటుటకు కాదు, చూచుటకు. కొండసీమలో చూపు కాలి వేగమును మించి పనిచేయదు.

సాధనకు మన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమే చాలును. 2002 జాతీయ క్రీడల కొరకు నిర్మించిన వెలోడ్రోము అచ్చట ఉన్నది గాని, అది వేగమును నేర్పునే తప్ప కొండను నేర్పదు. క్యారియరు సంచులలో ఎనిమిది పది కిలోల పుస్తకములు నింపుకొని, తెల్లవారకమునుపే బయలుదేరి, ఆవరణములోని మిట్టలను పల్లములను నాలుగు చుట్లు తిరుగుము. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల గులాబిరంగు రాతిగోడలపై తొలియెండ పడు వేళకు నీ ఊపిరి ఏ స్థితిలో ఉన్నదో గమనింపుము. ప్రక్కవారితో మాటాడగలిగినంత ఊపిరి మిగిలియున్నచో ఆ వేగము నీకు తగినది. మాట తెగుచున్నచో అది నీ అహంకారపు వేగము.

మరికొన్ని చిన్న మాటలు. మడమ పెడలుపై ఆనించినప్పుడు కాలు నిటారుగా చాగునంత ఎత్తున సీటు ఉండవలెను. ఎక్కుడు మొదలగుటకు ముందే గేరు తగ్గింపుము; బరువుమీద మార్చిన గేరు చైనును బాధించును. దిగుడులో బ్రేకును అదేపనిగా పట్టియుంచక, పట్టి విడుచుచు, మలుపునకు ముందే వేగము తగ్గింపుము. స్ట్రాదె బియాంకె, అనగా తెల్లబాటలు అని వారు పిలుచు కంకరదారులు అచ్చట పెక్కు కలవు. తారు పడి అవి మాసిపోకుండవలెనని 1997లో గాయోలె అను ఊరిలో పాత సైకిళ్ళతో ఒక యాత్ర మొదలుపెట్టిరి. నేటికిని అది నడచుచున్నది. ఆ కంకరపై మలుపులో ముందు బ్రేకు పట్టవలదు. అన్నింటికంటె ముఖ్యము, ఆ దేశమున బండ్లు కుడివైపున నడచును. పుట్టినది మొదలు ఎడమకు అలవడిన మన కన్ను, అలసినప్పుడును కూడలిలోను మోసగించును. మధ్యాహ్నమున పల్లెల అంగళ్ళు చాలవరకు మూసియుండును గనుక నీళ్ళును రొట్టెయు ఉదయమే కొనియుంచుము. ద్రాక్షసారాయి రుచి చూచుట చూడకుండుట నీ విజ్ఞతకు విడుచుచున్నాను. రక్తములో లీటరునకు అర గ్రాము మించరాదను అచ్చటి చట్టము సైకిలు తొక్కువారికిని వర్తించును గనుక, ఏదైనను ఆనాటి ప్రయాణము ముగిసిన తరువాతనే.

ఇక నేను నిజముగా చెప్పదలచినది.

1961లో నేను ఉస్మానియాలో చేరితిని. నగరపు తూర్పు పొలిమేరనుండి దినదినమును సైకిలుపై తార్నాక మీదుగా కళాశాలకు వచ్చువాడను. దారిప్రక్క ద్రాక్షతోటలు ఉండెడివి. రాతికడీలు పాతి, వాటిపై తీగెలు అల్లి, ఆ తీగెలపై ద్రాక్షలతలను ప్రాకించిన పందిళ్ళవి. అనాబ్-ఎ-షాహీ, అనగా రాజద్రాక్ష. పందొమ్మిదవ శతాబ్ది చివర అబ్దుల్ బాఖర్ ఖాన్ ఈ నగరమునకు తెచ్చి పెంచిన జాతి. సారాయికి కాదు, తినుటకే. పొడుగాటి లేతపచ్చని పండ్లు, పలుచని తీపి. మూడేండ్లు ఆ పందిళ్ళ ప్రక్కనుండి పోతిని. మైలుతుత్తము, సున్నము కలిపి పిచికారీ చేయుటచే నీలివన్నె పూసిన ఆకులను చూచితిని. ఆ నీలమే అంటిన చేతులతో ఒక వృద్ధుడు పందిరిక్రింద వంగి పనిచేయుటను చూచితిని. ఒక్కనాడైనను దిగలేదు. తరగతికి ఆలస్యమగునని ఒకనాడు, ఎండ అని ఒకనాడు, రేపు దిగవచ్చునులే అని తక్కిన అన్నినాళ్ళును.

1988 అక్టోబరులో నేనును ఫ్లారెన్సుకు పోయితిని. ఒక సహాధ్యాపకుని వద్ద సైకిలు ఎరవు తీసుకొని, ఆయన తోడురాగా గ్రేవె లోయనుండి పంజానో ఊరికి ఎక్కుచుంటిని. నలువది దాటిన వయస్సు. దిగి నడచుట చిన్నతనమను పట్టుదల. ముందు చక్రము తప్ప మరేమియు కనబడని స్థితిలో, కొంతసేపటికి ఊపిరి అందక దిగితిని. దిగిన తరువాతనే కొండ కనబడినది. దారిప్రక్క ఒక ముసలి రైతు బుట్టలోనికి పండ్లు కోయుచుండెను. మా మిత్రుడు మాటలు అనువదించి చెప్పుచుండగా ఆ రైతు ఒక చెట్టును చూపెను. పూర్వము ఆ సీమలో తీగను మేపుల్ చెట్టునకు ప్రాకించి, ఓలివులు, గోధుమలు, ద్రాక్ష ఒకే చేనిలో కలిపి పెంచువారట. పండిన దానిలో సగము దొరకు, సగము రైతునకు. మెద్జాద్రియా అను ఆ సగపాలు పద్ధతిలో క్రొత్త ఒప్పందములను 1964లో చట్టము నిషేధించినది. అంతకుముందే పాలుకాపులు ఇండ్లు వదలి పట్టణములకు పోవుట మొదలైనది. నీవు బసచేయబోవు అందమైన రాతి ఇండ్లలో పెక్కు వారు విడిచిపోయినవే. చిత్రపటములవలె కనబడు ఆ కొండలు ప్రకృతి గీసినవి కావు, అమ్మా. సగము గింజకు నడుము వంచినవారు గీసినవి.

ఆ రైతు నన్ను ఒక్క ప్రశ్న అడిగెను: మీ ఊరిలో ద్రాక్షతీగను ఎట్లు కత్తిరింతురు? నేను జవాబు చెప్పలేకపోయితిని. ఏడువేల కిలోమీటర్లు దాటి వచ్చినవాడను, మూడేండ్లు ఇంటిదారిలో ఉన్న తోటను ఎరుగను. తిరిగివచ్చి పుస్తకములు చదివితిని. ఇటలీలో చలికి తీగ ఆకు రాల్చి నిద్రించును గనుక ఏటికి ఒకమారు కత్తిరింపు చాలును. మన నేలపై దానికి నిద్ర లేదు గనుక, కొమ్మ ముదురుటకు వేసవిలో ఒకమారు, కాపునకు అక్టోబరులో మరొకమారు కత్తిరింతురు. ఇది పుస్తకము చెప్పిన జవాబు. చేతితో చూపగల ఆ వృద్ధుని కొరకు వెదకిన నాటికి పందిరి లేదు, కడీలు లేవు. ఆ చోట ఇండ్లును అంగళ్ళును లేచినవి.

కనుక నా సలహా అంతయు ఒక్కటే: దిగుము. ఫ్లారెన్సు దాటగానే పోంతె అ ఏమా అను ఊరు తగులును. అచ్చట పుట్టిన జీనో బార్తలి, యుద్ధకాలమున 1943–44లో, యూదులను కాపాడు దొంగకాగితములను తన సైకిలు గొట్టములలో దాచి అసీసీ వరకు మోసి, పిమ్మట ఆ మాట చాటుకొనని వీరుడు. ఆయన పేర వెలసిన సైకిళ్ళ మ్యూజియమునొద్ద దిగుము. పంజానో ఎక్కుడున దిగుము. తోట గట్టున నిలిచి, పెర్మెస్సో అని అనుమతి అడిగి, అప్పుడు అడుగు పెట్టుము. మన తెలుగువలెనే అచ్చుతో ముగియు మాటలు గలది వారి భాష; నీ నోట త్వరగా పలుకును.

అయితే ఇటలీకి ముందు మరొక ప్రయాణము కలదు. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రమునకు ఆదివారము కాక ఒక పనిదినమున, అనుమతి పొంది, సైకిలుపై పొమ్ము. పందిరిక్రింద పనిచేయువారిని చూచి, ఏ కణుపుపై కత్తెర వేయుదురో చేతితో చూపుమని అడుగుము. చూచినది నాకు వ్రాయుము. పంజానోలో ఎవరైనను నిన్ను అదే ప్రశ్న అడిగినచో చెప్పుటకు నీకు జవాబుండవలెను. అరువది ఏండ్ల క్రిందట నేను దిగి అడుగవలసినది, ఆ ఉత్తరమున నేనును చదువుకొందును.

శుభాకాంక్షి,
తాతయ్య.