ముడి దగ్గర నిలబడేవాడు

2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానంలో ఎక్కడ చూసినా కూలిన చెట్లే. తుఫాను వెలిసిన మర్నాడు అలాంటి ఊళ్లలో దారికి అడ్డంగా ఒక మాను, చేతిలో ఒక మోకు, చుట్టూ పదిమంది కుర్రాళ్లు. అందరికీ లాగాలనే తొందర. ముడిని వంగి చూసేవాడు ఒక్కడు కావాలి. ఆ ఒక్కడు మీరే అవ్వండి.

ముందు బరువు లెక్కేయండి. అడుగు మందం, పదడుగుల పొడవున్న పచ్చి దుంగ దాదాపు 200 కిలోలు తూగుతుంది. అదే పొడవులో మందం రెండడుగులైతే 800! ఇక తాడు సంగతి. ముడి పడిన చోట దాని బలం తగ్గుతుంది, కొన్ని ముళ్లకైతే సగందాకా పోతుంది. కొత్త మోకే కదా అన్న ధీమా వద్దు.

పది ముళ్లు అరకొరగా తెలిసేకన్నా ఒక్కటి బాగా నేర్చుకోండి. దుంగలకు టింబర్ హిచ్ అనే ముడి మంచిది. కొసను దుంగ చుట్టూ తిప్పి, లాగే తాడు మీదుగా వెనక్కి మళ్లించి, దుంగను చుట్టిన తాడుకే మూడు నాలుగు మెలికలు వేయాలి. లాగేకొద్దీ బిగుస్తుంది, పనయ్యాక ఇట్టే విడిపోతుంది. ఆ గుణంలోనే ప్రమాదమూ ఉంది: తాడు సడలితే ముడీ సడలుతుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ చూసుకోవాల్సిందే. దుంగ అడ్డం తిరగకుండా, పొడవునా తిన్నగా రావాలంటే లాగే చివర దగ్గర అదే తాడుతో ఇంకో చుట్టు వేసి, ఆ చుట్టు కిందుగా తాడును బయటికి తీయండి. ఈ ముడితో దుంగను ఈడ్చండి, మనుషుల తలల మీదుగా మాత్రం ఎత్తకండి.

నైలాన్ తాడు సాగుతుంది. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. అందుకే దాని వరసలో ఎవరూ నిలబడకూడదు, చేతికి చుట్టుకోకూడదు. వాలులో దుంగకు దిగువన అస్సలు ఉండొద్దు. ట్రాక్టర్‌తో లాగితే కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. అంతకన్నా పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడొచ్చు.

ఇవన్నీ తెలిసినా, పెద్దవాళ్ల ముందు నోరు విప్పడమే కష్టం. "ఏం కాదులే, లాగరా!" అని నలుగురూ అరుస్తుంటే గొంతు పెగలదు. అప్పుడు వాదించకండి. "బాబాయ్, ఒక్క నిమిషం. ముడి చూసొస్తా" అనండి చాలు. పిరికివాడని నవ్వితే నవ్వనివ్వండి. మొదలుపెట్టేముందే ఒక మాట అనుకోండి: "లాగండి" అనేది ఒక్కడే, "ఆపండి" అని ఎవరన్నా సరే ఆగిపోవాలి.

పనయ్యాక మోకును కొసనుంచి కొసదాకా తడిమి చూడండి. పోగులు తెగిన చోటు కనిపిస్తే అక్కడికి కోసి పారేయండి. దాన్ని ముడేసి, రేపొచ్చి అడిగే పక్కింటివాడి చేతికివ్వకండి.