సోలార్ కంచెకు కంట్రోలర్ తప్పనిసరి

కరెంటు హెచ్చుతగ్గులకు మోటారు కాలిపోవడం రైతులకు కొత్త కాదు. సోలార్‌తోనూ ఈ బాధ ఉంది. అడవి పందుల బెడదకు సోలార్ కంచె వేసుకున్నవారు ప్యానెల్ తీగలను నేరుగా బ్యాటరీకి కలిపితే కొన్నాళ్లకే బ్యాటరీ దెబ్బతింటుంది. బ్యాటరీ దిగిపోయిన రాత్రి పంట పందుల పాలే.

ఎందుకు పాడవుతుంది?

12 వోల్టుల ప్యానెల్ అని పేరేగానీ, మంచి ఎండలో 17, 18 వోల్టులు ఇస్తుంది. దేనికీ కలపకుండా మీటరు పెడితే 21 దాకా చూపిస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 14.4 వోల్టులు దాటి ఎక్కిస్తూ పోతే లోపలి నీళ్లు వాయువుగా మారి తగ్గిపోతాయి. 11 కంటే కిందికి దిగేదాకా వాడినా ఆయుష్షు తగ్గుతుంది. ఈ రెండు హద్దులూ కాసేదే చార్జ్ కంట్రోలర్. రాత్రిపూట బ్యాటరీ కరెంటు ప్యానెల్‌లోకి వెనక్కి పోకుండా కూడా ఆపుతుంది.

చిన్న బోర్డులకు 5 వోల్టులే

దీపపు ఎరల్లో టైమరు, సెన్సారు బోర్డులు కొన్ని 5 వోల్టులతో నడుస్తాయి. 12 ఇస్తే మాడిపోతాయి. 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు 12ను 5కు దించుతుంది, కానీ మిగతా 7 వోల్టులు వేడిగా పోతాయి. అంటే సగానికి పైగా వృథా. బక్ కన్వర్టర్‌లో ఈ వృథా చాలా తక్కువ. 2023 ఆగస్టులో చంద్రుడిపై తిరిగిన మన ప్రజ్ఞాన్ రోవర్‌కు ఉన్నది 50 వాట్ల సోలార్ ప్యానెలే. అక్కడైనా, చేలోనైనా ఎండ ఇచ్చిన కరెంటును పొదుపుగా, కొలిచి వాడుకోవాల్సిందే.

బిగించేటప్పుడు

* కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివరగా కంచె యంత్రం కలపండి. విప్పేటప్పుడు చివర కలిపింది ముందు తీయండి.
* ప్లస్, మైనస్ తారుమారు కాకుండా మల్టీమీటరుతో చూసుకోండి.
* బ్యాటరీ ప్లస్ తీగకు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయండి.
* కంట్రోలర్ ఆంపియర్లు ప్యానెల్ ఇచ్చే ఆంపియర్ల కంటే ఎక్కువ ఉండాలి. 40 వాట్ల ప్యానెల్ సుమారు రెండున్నర ఆంపియర్లు ఇస్తుంది. దానికి 5 ఆంపియర్లది చాలు.
* కొన్ని కంచె యంత్రాల్లో కంట్రోలర్ లోపలే ఉంటుంది. కొనేముందే అడిగి తెలుసుకోండి.

బ్యాటరీ దిగిపోయింది కదా అని ఇంటి కరెంటునో, మోటారు లైనునో కంచెకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. పందుల మాట అటుంచి, మనుషుల ప్రాణాలు పోతాయి.