పాత మోటారుకారు ఇంజనులో కనబడు తుక్కు

పాత కారును మరమ్మతుకై విప్పినపుడు ఇంజను అడుగున లోహపు రేకులు, నల్లని మడ్డి, ఎండిన బంక ముక్కలు, ఒక్కొక్కప్పుడు వడ్లగింజలు సహా కనబడుచుండును. వానిని తుడిచి పారవైచి, క్రొత్త నూనె పోసి బిగించుట పలుచోట్ల వాడుక. ఇది నష్టదాయకము. ఏదో యొక భాగము అరిగియో, విరిగియో, లేక వెలుపలినుండి ప్రవేశించియో ఆ తుక్కు ఏర్పడినది. మూలమును కనుగొనక బిగించినచో చేసిన ఖర్చు వ్యర్థము కావచ్చును.

అంబాసిడరు కారును దృష్టాంతముగా గైకొందము. దీని తయారీ 2014 లో నిలిచిపోయినది. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల పాత బండ్లలో సిలిండర్లు 4; క్రాంకును మోయు ప్రధాన బేరింగులు 3. అడుగు చాంబరులోని నూనెను పంపు ఒక జల్లెడ ద్వారా పీల్చి బేరింగులకు పంపును. జల్లెడ మూసికొనిపోయినచో బేరింగులకు నూనె అందదు. స్వల్పకాలములోనే అవి కాలిపోవును.

తుక్కును గుర్తించు విధము:

1. సూదంటురాయికి అంటుకొను రజను ఇనుము, ఉక్కు భాగములది. పిస్టను రింగులు, సిలిండరు గోడలు, టైమింగు చైను పరీక్షింపవలెను.

2. అంటుకొనని తేలికయైన తెల్లని ముక్కలు అల్యూమినియపు పిస్టనువి కావచ్చును.

3. రాగిరంగు రేకులు కనబడినచో బేరింగు పైపూత అరిగి లోపలిపొర బయటపడినదని అనుమానింపవలెను.

4. నూనె పాలు కలిసిన కాఫీవలె నున్నచో నీరు చేరినది. హెడ్డు గ్యాస్కెట్టును చూడవలెను. నూనె పోయు మూతక్రింద మాత్రమే కొంచెము కనబడినచో, అది దగ్గరి ప్రయాణములవలన ఏర్పడిన చెమ్మ కావచ్చును.

5. మెత్తని బంక ముక్కలు పూర్వపు మరమ్మతులో గ్యాస్కెట్టుకు అమితముగా పూసినవి. జల్లెడకు ఇవి మిక్కిలి అపాయకరములు.

6. గాలి వడపోత పెట్టెలో వడ్లు, ఊక, గడ్డి యున్నచో ఎలుకలు కాపురమున్నట్లే. ధాన్యము నిలువచేయు కొట్టములలో నెలలతరబడి నిలిపిన బండ్లకు ఇది సహజము. ఊకలోని గట్టి ఇసుకవంటి పదార్థము సిలిండరు గోడలను గీయును. పెట్టెను శుభ్రపరచనిదే ఇంజను త్రిప్పరాదు.

చేయవలసిన పని యిది. పాతనూనెను పలుచని తెల్లగుడ్డ ద్వారా వడగట్టి, మిగిలినదానిని కాగితముపై పరచి చూడవలెను. విరిగిన భాగము దొరికినచో దాని ముక్కలన్నియు కూర్చి, లోటు లేదని రూఢి చేసికొనవలెను. లోపించిన ముక్క ఇంజనులోనే యుండవచ్చును. నూనెదారులను, జల్లెడను కడిగి గాలి కొట్టవలెను. పీచు రాలు గుడ్డ వాడరాదు. తెరచియున్న రంధ్రములను మూసియుంచి, బిగించుటకు ముందు మరలను, నట్టులను లెక్కింపవలెను. మొదట ఇంజనును చేతితో త్రిప్పి చూచి, పిదప నడిపి, నూనె ఒత్తిడి దీపము ఆరనిచో వెంటనే ఆపవలెను. కొలదిదినములకే నూనె తీసి మరల పరీక్షించుట మేలు. పాతనూనెను కాలువలోగాని పొలములోగాని పోయరాదు.

ట్రాక్టరునకును, నీటిపంపు డీసెలు ఇంజనునకును ఈ పద్ధతి చాలవరకు వర్తించును. సంఘపు వాహనమును బాగుచేయించునపుడు, తీసిన తుక్కును పాతభాగములను కార్యవర్గమువారు కన్నులార చూచి, కారణము తెలిసికొనిన పిదపనే బిల్లు మంజూరు చేయుట ఉచితము.