మతిమరుపుకు మొక్కల మందు

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. అల్జీమర్స్ తొలిదశ అని న్యూరాలజిస్టు గాలంటమిన్ మాత్రలు రాశారు. ‘ఇంగ్లీషు మందులెందుకు? పసుపు క్యాప్సూల్స్, జింకో మాత్రలు, సరస్వతి ఆకు లేహ్యం వాడండి. మొక్కల మందులకు సైడ్ ఎఫెక్టులుండవు’ అంటున్నారు బంధువులు. మాత్రలు మానిపించవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మానిపించకండి. ఆవిడ వేసుకుంటున్నదీ మొక్క నుంచి పుట్టిన మందే. చలిదేశాల్లో మంచు కరగకముందే తెల్లగా, తల వంచుకుని పూసే స్నోడ్రాప్ అనే చిన్న మొక్క ఉంది. 1950లలో సోవియట్, బల్గేరియా శాస్త్రవేత్తలు ఆ జాతి మొక్కల దుంపల్లోని గాలంటమిన్‌ను మందుగా మలిచారు. మొదట్లో పోలియో వల్ల చచ్చుబడిన కండరాలకు వాడారు. అల్జీమర్స్‌కు వాడేందుకు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది.

మెదడు కణాల మధ్య కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఈ జబ్బులో తగ్గిపోతుంది. ఉన్న కాస్తనూ విరగ్గొట్టే ఎంజైమును గాలంటమిన్ అదుపు చేస్తుంది. జబ్బును నయం చేయదు. కొంతకాలం జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు మరీ దిగజారకుండా ఆసరా ఇస్తుంది.

దీనికీ సైడ్ ఎఫెక్టులున్నాయి: వికారం, వాంతులు, ఆకలి మందగించడం, నాడి నెమ్మదించడం. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. అన్నంతోపాటు వేయండి. వరసగా కొన్ని రోజులు మానేస్తే, మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

మొక్కది కాబట్టి హాని లేదనుకోవద్దు. ఇదే జబ్బుకు రాసే రివాస్టిగ్మిన్‌కు మూలం పశ్చిమాఫ్రికాలోని కాలబార్ గింజ. ఆ గింజ విషం. మన ఉమ్మెత్త సంగతి మీకు తెలిసిందే.

ఇక బంధువులు చెప్పినవి. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో ఆశ పుట్టించింది. కానీ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రోగులకు 24 వారాలు ఇచ్చి చూసినా ఫలితం కనబడలేదు. జింకోను అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడిన 3,000 మందికి పైగా పెద్దలపై సుమారు ఆరేళ్లు పరీక్షించారు. అది డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. సరస్వతి ఆకుతో అల్జీమర్స్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కూరలో పసుపు, పచ్చడిలో సరస్వతి ఆకు నిక్షేపంగా పెట్టండి. క్యాప్సూల్స్ సంగతి వేరు: పసుపువి కొందరిలో కాలేయాన్ని దెబ్బతీశాయి, రక్తం పలచబడే మందులు వాడేవారికి జింకోతో రక్తస్రావం ముప్పు ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి 68. షుగరుకు చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈమధ్య పేర్లు మరచిపోతున్నారు. మూలికల సిరప్ తెచ్చుకున్నారు. తాగనివ్వవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సిరప్ పక్కన పెట్టి ముందు పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు. ఆ లోపంతోనూ మతిమరుపు వస్తుంది. థైరాయిడ్ లోపం, దిగులు, వినికిడి తగ్గడం కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. సిరప్‌ను నమ్ముకుని నెలలు గడిపితే నష్టపోయేది నాన్నగారే. ఆయన వాడే మాత్రలు, చూర్ణాలు, ఈ సిరప్ అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి.