హాలె నగరము

జర్మనీదేశపు పటమును విప్పి చూచితిమేని లైప్జిగ్ నగరమునకు వాయవ్యదిశను, సాలె యను నదియొడ్డున, హాలె యను పేరు కనఁబడును. బెర్లిను మొదలగు పేరులు విన్నవారికి ఇది క్రొత్తగఁ దోఁచవచ్చును. అయినను తెలుఁగువారమగు మనము ఈ యూరిని మఱవరాదు. ఏలయన, తెలుఁగులో మొదటి అచ్చుపుస్తకములు వెలువడినది ఇచ్చటనే. ఆ సంగతికి ముందు ఊరి పూర్వచరిత్రమును కొంత తెలిసికొందము.

ఈ నగరము పేరు క్రీ. శ. 806వ సంవత్సరమున మొదటిసారి వ్రాతలలోఁ గానవచ్చుచున్నది. దీని భాగ్యమునకు మూలము ఉప్పు. మన సముద్రతీరమున ఎండయే ఉప్పును పండించును. హాలెలో నట్లు కాదు. అచ్చట సముద్రము లేదు, ఎండయుఁ జాలదు. కాని భూమిలోనుండి ఉప్పునీరు ఊరెడి బావులు కలవు. ఆ నీటిని తోడి, వెడల్పైన పెనములలోఁ బోసి, కట్టెలతోఁ గాఁచి ఉప్పు తీయుచుండిరి. ఈ పనివారికి హల్లోరులని పేరు. వారికిఁ బ్రత్యేకమైన వేషమును, ఆచారములును, హక్కులును ఉండెను. ఉప్పువలన నూరు ధనవంతమై, హాన్సా యను వర్తక నగరముల కూటమిలోఁ జేరెను. అయితే ధనమువెంట కలహమును వచ్చెను. పెద్దకుటుంబములకును తక్కిన పౌరులకును పడకపోఁగా, 1478లో మాగ్డెబుర్గు ఆర్చిబిషప్పు నగరమును వశపఱచుకొని, ఊరివారిని అదుపులో నుంచుటకు మొరిట్జ్‌బుర్గ్ కోటను గట్టించెను. పిమ్మట 1680లో నగరము బ్రాండెన్‌బుర్గు ప్రభువుల పాలయ్యెను. 

ఊరి సంతవీథిలో నిలిచి చూచువారికి అయిదు గోపురములు గనఁబడును. నాలుగు మార్కెట్టు దేవాలయమునకుఁ జేరినవి. అయిదవది విడిగా నిలిచిన ఎఱ్ఱగోపురము. దీని యెత్తు 84 మీటరులు. సంగీతవిద్వాంసుఁడగు హాండెల్ 1685లో ఈ యూరనే జన్మించి, ఆ దేవాలయపు వాద్యకారునియొద్ద విద్య నభ్యసించెను. 1694లో ఇచ్చట విశ్వవిద్యాలయము స్థాపింపఁబడెను.

ఇఁక మనము ముఖ్యముగాఁ దెలియవలసినవాఁడు అవుగుస్ట్ హెర్మాన్ ఫ్రాంకె. ఈయన 1692లో, నగరద్వారమునకు వెలుపలనున్న గ్లౌహ యను బీదపేటకు బోధకుఁడుగా వచ్చెను. 1695లో ఆయన యింటిలోని ధర్మపెట్టెయందు ఎవరో నాలుగు థేలరులు పదునాఱు గ్రోషనులు వేసిరి. అది స్వల్పద్రవ్యమే. ఫ్రాంకె దానితోఁ బుస్తకములు కొని, బీదపిల్లలకు బడి పెట్టెను. 1698లో అనాథశాలకుఁ బునాది వేయఁబడెను. మందులశాల, ముద్రణాలయము, పుస్తకవిక్రయశాల వెలసి, వాని యాదాయము బడులకు సాయపడెను. బాలికలకును బడి యుండెను. బీద విద్యార్థులు పిల్లలకుఁ బాఠము చెప్పి భోజనము పొందుచుండిరి. 1727లో ఫ్రాంకె మరణించునాఁటికి ఆ బడులలోఁ జదువువారు రెండువేలకు మించిరి. అయితే అచ్చటి క్రమశిక్షణ మిక్కిలి కఠినము. ఆటలకుఁ దావు తక్కువ. ఈ యొక్కవిషయమున మన విద్యార్థులు ఆ బాలురను చూచి అసూయపడ నక్కఱలేదు!

ఈ హాలెతో సంబంధముగల జీగన్‌బాల్గ్, ప్లుట్‌షౌ అనువారు 1706లో తరంగంబాడి చేరిరి. తమిళ అచ్చుఅక్షరములు హాలెలోఁ బోఁతపోయఁబడి 1713లో అచ్చటికి వచ్చెను. తరువాత 1719లో వచ్చిన బెంజమిన్ షుల్ట్జె చెన్నపట్టణమునఁ దెలుఁగు నేర్చుకొని, 1728లో లాటిను భాషలోఁ దెలుఁగు వ్యాకరణమును వ్రాసెను. బైబిలును తెలుఁగు చేసెను. ఆ యనువాదము ఆయన జీవితకాలమున అచ్చు కాలేదు. 1743లో ఆయన హిందూదేశమును విడిచి హాలెకు మరలెను. అచ్చట 1746, 1747 సంవత్సరములలో చిన్న క్రైస్తవగ్రంథములను కొన్నింటిని తెలుఁగక్షరములలో అచ్చు వేయించెను. విదేశీయుని తెలుఁగగుటచే దానిలో లోపములు లేకపోలేదు. అయినను ఆలోచింపుఁడు: తాటాకుమీఁద గంటముతో వ్రాయఁబడుచుండిన మన యక్షరములు, తెలుఁగు మాటాడువారు లేని యూర, వేలకొలఁది మైళ్ల దూరమున, మొదటిసారి సీసపు రూపము దాల్చెను!

ఆ విశ్వవిద్యాలయమే 1754లో డొరొథేయా ఎర్క్స్‌లేబెన్ అను స్త్రీకి వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము నిచ్చెను. జర్మనీలో నట్టి పట్టము పొందిన మొదటి స్త్రీ యామెయే. ఉప్పు కాఁచుట 1964లో నిలిచిపోయెను. ఫ్రాంకె సంస్థ 1946లో స్వతంత్రతను గోలుపోయి, దాని కట్టడములు శిథిలము లగుచుండెను. 1991లో మరల స్వతంత్రమై బాగుచేయఁబడెను. నేఁడు అచ్చట బడులును, గొప్ప ప్రాచీన గ్రంథాలయమును గలవు.

ఉప్పుచే ధనవంతమైన యూరిని మనము తలఁచునది ఉప్పుకొఱకుఁ గాదు. పెట్టెలో వేసిన కొలఁదిపాటి కాసులు బడి యయ్యెను. ఆ బడి ముద్రణాలయ మయ్యెను. ఆ యూరనే తెలుఁగు అచ్చుపుస్తకము పుట్టెను. మనము ప్రతిదినము చేతఁబట్టుకొను పాఠ్యపుస్తకమును నిర్లక్ష్యముగఁ బాఱవేయునప్పుడు ఈ సంగతిని ఒక్కసారి జ్ఞప్తికిఁ దెచ్చుకొందుము గాక.