బల్బుకు కొత్త బుర్ర

ప్రశ్న: ఇంటర్నెట్ లేకపోతే మా వైఫై బల్బు మాట వినదు. రాత్రి కరెంటు పోయి రాగానే దానంతటదే వెలుగుతుంది. లోపలి సాఫ్ట్‌వేర్ మార్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, త్రిపురాంతకం

జవాబు: మార్చుకోవచ్చు, ముందు లోపలి చిప్ ఏదో చూడండి. ఈఎస్‌పీ8266 అయితే ఉచితంగా దొరికే టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చు. అప్పుడు బల్బు బయటి సర్వర్‌తో పని లేకుండా ఇంటి వైఫైతోనే నడుస్తుంది. చాలా కొత్త బల్బుల్లో బీకెన్ చిప్ ఉంటుంది, దానికి ఓపెన్‌బీకెన్ వాడాలి.

ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. విప్పిన బల్బును హోల్డర్‌కు తగిలించి కంప్యూటర్‌కు కలపొద్దు. చాలా బల్బుల్లో లోపలి సర్క్యూట్‌కీ 230 వోల్టుల లైనుకీ మధ్య అడ్డు ఉండదు. ముట్టుకుంటే షాకే. చిప్‌కు విడిగా 3.3 వోల్టులే ఇవ్వండి, 5 ఇస్తే కాలిపోవచ్చు. జీపీఐఓ0 కాలును గ్రౌండుకు తాకించి పవర్ ఇస్తే చిప్ కొత్త ప్రోగ్రాం తీసుకోవడానికి సిద్ధమవుతుంది. పాత ప్రోగ్రాంను ముందే కాపీ చేసి దాచుకోండి.

టాస్మోటా ఎక్కించాక 'పవర్‌ఆన్‌స్టేట్ 0' అని కమాండ్ ఇస్తే కరెంటు వచ్చినా బల్బు ఆరిపోయే ఉంటుంది. టాస్మోటాలో పది సెకన్ల లోపు తేడాతో ఏడుసార్లు కరెంటు పోయి వస్తే సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. గాలివానకు లైన్లు కొట్టుకునే మన పల్లెల్లో ఇది జరగొచ్చు. 'సెట్‌ఆప్షన్65 1' ఇచ్చి దాన్ని ఆపేయండి.